శూన్యంలో బెలూన్, వార్‌హెడ్ పక్కపక్కనే

ఖండాంతర క్షిపణి అమెరికా చేరడానికి దాదాపు 30 నిమిషాలు పడుతుంది. అందులో సుమారు 20 నిమిషాలు వాతావరణానికి పైన, శూన్యంలోనే గడుస్తుంది. అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో ఉన్న 40, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో ఉన్న 4 ఇంటర్‌సెప్టర్లు (అడ్డగించే క్షిపణులు) దాన్ని పట్టుకోవాల్సింది అక్కడే. వాటి కొసన ఉండే 64 కిలోల యంత్రంలో పేలుడు పదార్థం ఉండదు. ఎదురెళ్లి గుద్దేయడమే దాని పని.

చిక్కు ఆ శూన్యంతోనే. మేడ మీంచి రాయిని, బెలూన్‌ను ఒకేసారి వదిలితే గాలి బెలూన్‌ను ఆపుతుంది, రాయి ముందు పడుతుంది. అంత ఎత్తులో ఆపడానికి గాలే లేదు. లోహపు పూత ఉన్న పల్చటి బెలూన్, వందల కిలోల వార్‌హెడ్ (క్షిపణి మోసుకొచ్చే అణుబాంబు) ఒకే వేగంతో పోతుంటాయి. వార్‌హెడ్‌నే ఒక బెలూన్‌లో దాచి, పక్కన పది ఖాళీవి వదిలితే ఏది అసలుదో రాడార్ తేల్చుకోవడం చాలా కష్టం. కిందికి దిగి గాలి తగిలాక తేలికవి వెనకబడతాయి. అప్పటికి ఈ ఇంటర్‌సెప్టర్లకు సమయం మించిపోతుంది.

బెలూన్ల సంగతి పక్కన పెట్టినా లెక్క బాగోలేదు. ఇప్పటిదాకా జరిగిన పరీక్షల్లో సగానికి కాస్త ఎక్కువే గురి తగిలాయి. ఒక్కోదానికి 55 శాతం అనుకుని, ఒక్కో వార్‌హెడ్ మీదికి నాలుగేసి వదిలితే 96 శాతం భరోసా వస్తుంది. వచ్చేవి పదైతే 40 ఇంటర్‌సెప్టర్లు ఖర్చవుతాయి, పదీ ఆగే అవకాశం మూడింట రెండు వంతులే. నాలుగింటిలోనూ ఒకే లోపం ఉంటే అదీ ఉండదు. 2010 డిసెంబరు పరీక్షను దిశ చెప్పే పరికరానికి తగిలిన కంపనం చెడగొట్టింది. 2013 జూలైలో బ్యాటరీ వోల్టేజీ తేడా వచ్చి, గుద్దే యంత్రం రాకెట్ నుంచి విడిపోనేలేదు.

అయితే ప్రత్యర్థి సైన్యం ఈ లోపాలను నమ్ముకుని కూర్చోదు. తన క్షిపణుల్లో చాలావరకు అమెరికా కొట్టే మొదటి దెబ్బకే పోయి, మిగిలిన కొద్దింటిని ఈ వ్యవస్థ ఆపేస్తుందనే అనుకుని ఆయుధాలు పెంచుకుంటుంది. 1972 మే 26న మాస్కోలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నేత బ్రెజ్నెవ్ ఏబీఎం (క్షిపణులను అడ్డుకునే వ్యవస్థలకు హద్దు పెట్టే) ఒప్పందం మీద సంతకాలు చేసింది ఈ భయానికి కళ్లెం వేయడానికే. చెరో రెండు చోట్ల, చోటుకు వంద ఇంటర్‌సెప్టర్లకు మించకూడదన్నారు. 1974లో దాన్ని ఒక్క చోటికి కుదించారు.

ఉత్తర కొరియా లాంటి దేశాల ముప్పు చూపించి, 2002 జూన్ 13న అమెరికా అందులోంచి తప్పుకుంది. నా దృష్టిలో అది తప్పు. అరకొరగా పనిచేసే రక్షణ కోసం, చక్కగా పనిచేస్తున్న కట్టడిని వదులుకున్నారు. మర్నాడే రష్యా, అమెరికాతో కుదిరిన అణ్వాయుధాల తగ్గింపు ఒప్పందం స్టార్ట్-2 తమకు వర్తించదని ప్రకటించింది. నేల మీంచి వెళ్లే, ఒకటికి మించి వార్‌హెడ్లు మోసే క్షిపణులన్నీ తీసేయాలన్నది ఆ ఒప్పందమే. అది అసలు అమలులోకే రాలేదు.

2018 మార్చిలో పుతిన్ కొత్త ఆయుధాలను చూపిస్తూ అమెరికా ఏబీఎం నుంచి వైదొలగడాన్నే కారణంగా చెప్పారు. వాటిలో ఒకటైన అవన్‌గార్డ్ 2019 చివర్లో రష్యా సైన్యంలో చేరింది. అది వాతావరణం పై పొరల్లో దారి మార్చుకుంటూ జారుతూ పోతుంది, ఫోర్ట్ గ్రీలీ ఇంటర్‌సెప్టర్లు పనిచేసే ఎత్తుకు దిగువనే.