శిక్షను తేలుస్తున్నది మత్తు కాదు, బరువు: 2009 నోటు వెనుక కథ

మత్తుమందుల చట్టాన్ని (ఎన్‌డీపీఎస్) సడలించాలన్న వాదన మళ్లీ రాజుకుంది. రాజుకున్న ప్రతిసారీ చర్చ ఆ చట్టం వచ్చిన 1985 దగ్గర మొదలై, 1961 ఐక్యరాజ్య సమితి ఒప్పందం, అమెరికా ఒత్తిడి, భంగు ఆకుకు దక్కిన మినహాయింపు చుట్టూ తిరిగి చల్లారిపోతుంది. ఆ కథ అందరికీ తెలిసిందే. ఇవాళ ఎన్‌డీపీఎస్ కేసులో ఇరుక్కున్నవాడు నెలలో బయటికొస్తాడా, ఏళ్లపాటు విచారణ ఖైదీగా మగ్గుతాడా అన్నది తేలుస్తున్నది మాత్రం 2009 నవంబరు 18న కేంద్రం గెజిట్‌లో చేర్చిన ఒక నోటు. ఏ మత్తుమందు ఎంత ఉంటే స్వల్పం, ఎంత ఉంటే వాణిజ్యం అని చెప్పే పరిమాణాల పట్టిక అడుగున ఇచ్చిన నాలుగో వివరణ (నోటు) అది.

దాని సంగతి అర్థం కావాలంటే 2001 దాకా వెనక్కి వెళ్తే చాలు. అంతకు ముందు హెరాయిన్ ఎంత దొరికిందన్నదానితో పెద్దగా నిమిత్తం లేదు. కాస్త దొరికినా కనీసం పదేళ్లు. సొంత వాడకానికేనని నిరూపించుకునే భారం ముద్దాయిదే. నిరూపించుకుంటేనే 27వ సెక్షన్ కింద ఊరట. చిల్లర వాడకందారుకీ పెద్ద వ్యాపారికీ ఒకే గాటన శిక్ష పడుతోందని ప్రభుత్వమే ఒప్పుకుని చట్టాన్ని సవరించింది. 2001 అక్టోబరు 2న ఆ సవరణ అమల్లోకి వచ్చింది. అదే నెల 19న ఏ పదార్థానికి ఎంత అన్న పట్టిక వెలువడింది.

పట్టికలో రెండు గీతలున్నాయి. గంజాయికి 1 కిలో, 20 కిలోలు. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. చరస్‌కు 100 గ్రాములు, 1 కిలో. కొకైన్‌కు 2 గ్రాములు, 100 గ్రాములు. దగ్గు మందుల్లో వాడే కొడీన్‌కు 10 గ్రాములు, 1 కిలో. ఆందోళన తగ్గించే మాత్రల్లో వాడే ఆల్ప్రజోలమ్‌కు 5 గ్రాములు, 100 గ్రాములు. మొదటి గీతకు లోపల ఉంటే స్వల్ప పరిమాణం, రెండోది దాటితే వాణిజ్య పరిమాణం. మధ్యలోదానికి చట్టం పేరు పెట్టలేదు. కోర్టుల్లో మధ్యస్థం అంటున్నారు. గీత మీద సరిగ్గా ఉంటే ఎటు? సరిగ్గా కిలో గంజాయి స్వల్పం కాదు, సరిగ్గా 20 కిలోలు వాణిజ్యం కాదు. చట్టంలోని మాట ‘తక్కువ’, ‘ఎక్కువ’ అనే.

గంజాయిలో స్వల్పానికి గరిష్ఠంగా ఏడాది జైలు లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. మధ్యస్థానికి పదేళ్ల దాకా. వాణిజ్యమైతే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా వెళ్లొచ్చు. అంతకంటే పెద్ద తేడా బెయిల్ దగ్గరుంది. వాణిజ్య పరిమాణం అనగానే 37వ సెక్షన్ అడ్డొస్తుంది. ముద్దాయి నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందనీ, బయటికొస్తే మళ్లీ నేరం చేయడనీ జడ్జి తృప్తి చెందాలి. విచారణే మొదలుకాని కేసులో ఈ రెండూ తేల్చడం దాదాపు అసాధ్యం. అభియోగపత్రం వేయడానికి కూడా 180 రోజుల గడువుంటుంది, దాన్ని ఏడాది దాకా పొడిగించుకోవచ్చు. ఒక గంజాయి కేసులో ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న వ్యక్తికి 2023 మార్చిలో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది, విచారణలో ఇంత జాప్యం జరిగినప్పుడు 37వ సెక్షన్ అడ్డుకాదంటూ. ఏడేళ్లు గడిచాక దొరికిన ఊరట అది.

బరువు మీద ఇంత ఆధారపడినప్పుడు దేని బరువు తూచాలన్న ప్రశ్న రాక తప్పదు. వీధిలో అమ్మే హెరాయిన్ స్వచ్ఛంగా ఉండదు. అందులో వేరే పొడి కలిసి ఉంటుంది. 2008లో ఇ.మైఖేల్ రాజ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు 4 కిలోల 70 గ్రాముల పొడి వచ్చింది. పరీక్షలో హెరాయిన్ ఒక ప్యాకెట్లో 1.4 శాతం, మరోదాంట్లో 1.6 శాతం. అంటే అసలు మత్తు పదార్థం 60 గ్రాములు. కోర్టు ఆ 60 గ్రాములనే లెక్కలోకి తీసుకుని మధ్యస్థ పరిమాణమంది, పదేళ్ల శిక్షను ఆరేళ్లకు తగ్గించింది. 2001 సవరణ ఉద్దేశానికి అసలైన అర్థం చెప్పిన తీర్పు అదే.

రెండేళ్లు తిరక్కముందే నాలుగో నోటు వచ్చింది. పరిమాణమంటే స్వచ్ఛమైన మందు ఒక్కటే కాదు, మొత్తం మిశ్రమం, ద్రావణం, మాత్ర రూపంలో ఉంటే ఆ మాత్రతో సహా అని. 2020 ఏప్రిల్ 22న హీరా సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం నోటును సమర్థించి మైఖేల్ రాజ్ తీర్పును తోసిపుచ్చింది. మత్తుమందు ఎప్పుడూ కలిపే అమ్ముతారు, కలిపినదంతా తీసేస్తే పెద్ద వ్యాపారులు కూడా జారిపోతారు, కలిపిన సరుకూ ప్రాణాంతకమే అన్నది ప్రభుత్వ వాదన. వినడానికి సబబుగానే ఉంది. లెక్క వేస్తేనే తేడా కనపడుతుంది.

కొడీన్ ఉన్న దగ్గు మందు 100 మిల్లీలీటర్ల సీసాలో, 5 మిల్లీలీటర్లకు 10 మిల్లీగ్రాముల చొప్పున, 200 మిల్లీగ్రాముల కొడీన్ ఉంటుంది. పది సీసాల్లో 2 గ్రాములు. స్వచ్ఛమైన కొడీన్ లెక్కన ఇది స్వల్పంలోనూ స్వల్పం. సిరప్ మొత్తం తూస్తే, చక్కెర పాకం నీళ్లకంటే బరువు కాబట్టి, కిలో దాటిపోతుంది. పది సీసాలు వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. స్వచ్ఛమైన కొడీన్‌తో ఆ గీత చేరాలంటే 5 వేల సీసాలు కావాలి. డాక్టరు చీటీ, బిల్లులు, లైసెన్సు ఉంటే ఇలాంటి మందులకు ఇచ్చిన 1985 నాటి మినహాయింపు కాపాడుతుంది. కాగితాలు లేనివాడికి ఆ తలుపు మూసుకుపోతుంది. అరమిల్లీగ్రాము ఆల్ప్రజోలమ్ మాత్రలదీ ఇదే తంతు. మందు లెక్కన 100 గ్రాములంటే 2 లక్షల మాత్రలు. మాత్ర బరువు 100 మిల్లీగ్రాములనుకుంటే వెయ్యి దాటితే చాలు.

తెలంగాణలో కల్తీ కల్లు సంగతి తెలిసిందే. కల్లులో ఆల్ప్రజోలమ్ కలపడం ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం. నాలుగో నోటును అక్షరాలా వర్తింపజేస్తే అలాంటి కల్లు ఒక్క సీసా కూడా ‘ద్రావణం’ కిందికొచ్చి 100 గ్రాములు దాటేస్తుంది. పొడి సరఫరా చేసినవాడూ, కాంపౌండులో పోసినవాడూ, ఏం కలిసిందో తెలియక సీసా పట్టుకెళ్లినవాడూ ఒకే గీతకు అవతల పడతారు. తెలియదని నిరూపించుకునే భారం మళ్లీ ముద్దాయిదే, 35వ సెక్షన్ ప్రకారం. భ్రమలు కలిగించే ఎల్‌ఎస్‌డీ సంగతి మరీ విడ్డూరం. వాణిజ్య గీత 100 మిల్లీగ్రాములు. మందు చుక్క అద్దిన బ్లాటర్ కాగితం ముక్క ఒక్కోటి 10 నుంచి 20 మిల్లీగ్రాములుంటుంది, అందులో మందు మిల్లీగ్రాములో కొద్ది భాగమే. కాగితాన్ని తూకంలో కలపాలా వద్దా అన్నదానిపై కోర్టుల్లో భిన్నాభిప్రాయాలు వచ్చాయి.

గంజాయిలో కలిపేదేమీ ఉండదు కాబట్టి ఈ గొడవ దానికి అంటదనుకుంటారు. ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కేసులు చూసినవారికి అలా అనిపించదు. చట్టం దృష్టిలో గంజాయి అంటే మొక్క పైనున్న పూత, కాయ భాగమే. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ అందులోకి రావు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి దిగే సరుకులో పూతతోపాటు ఆకు, కాడ, గింజ కలిపే నొక్కి ప్యాకెట్లు కడతారు. పోలీసులు కాంటా మీద పెట్టేది మొత్తాన్ని. 22 కిలోల బస్తాలో టేపు, ప్లాస్టిక్, కాడలు తీసేస్తే 20 దిగొచ్చు. పచ్చిది ఎండితే బరువు బాగా పడిపోతుంది. పంచనామాలో రాసిన బరువుకూ మేజిస్ట్రేటు ముందు తూచిన బరువుకూ తేడా వచ్చిందంటే డిఫెన్స్ లాయరు పట్టుకునేది మొదట దాన్నే. ఆకూ కాడా వేరుచేయలేదన్న కారణంతో కొన్ని హైకోర్టులు బెయిలిచ్చాయి, మరికొన్ని అది విచారణలో తేలాల్సిన సంగతన్నాయి. 2022 డిసెంబరు నాటి నిబంధనల ప్రకారం నమూనా మేజిస్ట్రేటు సమక్షంలోనే తీయాలి, గంజాయికి 24 గ్రాములు చొప్పున రెండు నమూనాలు. ల్యాబు గంజాయేనని తేలుస్తుంది; బస్తాలో పూత ఎంత, కాడ ఎంత అన్నది ఆ 24 గ్రాములు చెప్పవు. ఇన్ని మెలికల మధ్య పట్టుబడేది ఎక్కువగా మోసుకొచ్చే కూలీలే. పెట్టుబడి పెట్టినవాడు బస్తా దగ్గర ఉండడు.

సరిగ్గా ఆ 2001లోనే, మనకంటే మూడు నెలల ముందు, జులై 1న పోర్చుగల్ కూడా చట్టం మార్చింది. పది రోజుల వాడకానికి మించని పరిమాణం దగ్గరుంటే అక్కడ క్రిమినల్ కేసు లేదు. ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు పంపుతారు. గంజాయికి వాళ్ల పరిమితి 25 గ్రాములు, మన స్వల్ప పరిమాణం కిలో. పరిమాణంలో మనమే ఉదారులం. కాకపోతే మన దగ్గర ఒక్క గ్రాము తాగినా 27వ సెక్షన్ కింద నేరమే. చికిత్సకు ఒప్పుకున్న వ్యసనపరుడిపై ప్రాసిక్యూషన్ వద్దనే 64ఏ సెక్షన్ ఉంది. అయితే ముద్దాయే అడగాలి, గుర్తింపు ఉన్న కేంద్రంలోనే చేరాలి, చికిత్స మధ్యలో మానేస్తే రక్షణ పోతుంది. పట్టుబడిన రోజున స్టేషన్లో ఈ సంగతి చెప్పేవారెవరు?

2021 అక్టోబరులో సామాజిక న్యాయ శాఖ కొద్దిపాటి మత్తుమందుతో దొరికినవారిని జైలుకు కాకుండా చికిత్సకు పంపాలని సూచించింది. డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ వేరు. 2014లో చట్టంలో ఒక క్లాజు నంబరు మారినా 27ఏ సెక్షన్‌లో పాత నంబరే ఉండిపోయింది, దాన్ని దిద్దారు. వాడకందారు ఊసే లేదు.

ఇప్పుడు చాలామంది నాలుగో నోటును రద్దు చేయమంటున్నారు. హీరా సింగ్ తీర్పు తర్వాత అది సరిపోదు. మైఖేల్ రాజ్ తీర్పే తప్పని, నోటుతో నిమిత్తం లేకుండా కలిపిన పదార్థాన్నీ లెక్కించాలని ఆ ధర్మాసనం చట్టానికే అర్థం చెప్పింది. కాబట్టి 2వ సెక్షన్‌లోని నిర్వచనాల్లో ‘స్వచ్ఛమైన పరిమాణం’ అని పార్లమెంటే రాయాలి. పట్టికలోని అంకెల విషయం వేరు. వాటిని నిర్ణయించే అధికారం కేంద్రానిదే. కొడీన్ సిరప్‌కు వేరే గీత పెట్టాలన్నా, ఆల్ప్రజోలమ్ మాత్రలకు వేరే లెక్క కట్టాలన్నా బిల్లు అక్కర్లేదు, ఒక గెజిట్ నోటిఫికేషన్ చాలు.