గూడెం కథకు యజమాని ఎవరు? నల్లమల చిత్రాల పేచీ వెనక ఉన్న చట్టాలు

సంక్రాంతి దాటి అహోబిలం పారువేట మొదలయ్యే వేళకూ, శివరాత్రికి పాదయాత్రికులు నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం దారి పట్టే వేళకూ నల్లమల అడవుల్లోని చెంచు గిరిజనుల గూడేల్లోకి కెమెరాలు వస్తాయి. అవి వెళ్లిపోయాక, తీసిన దృశ్యాల మీద హక్కు ఎవరిదన్న పేచీ మిగులుతుంది. చెంచులక్ష్మి కథ, మల్లన్నను చెంచులు అల్లుడిగా చెప్పుకోవడం కర్నూలు సీమలో అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. 2022లో జిల్లాలు విడిపోయి ఈ గూడేలు నంద్యాల లెక్కలోకి వెళ్లినా పేచీ మాత్రం పాతదే.

దానికి మూలం 1957 కాపీరైట్ చట్టంలో ఉంది. చలనచిత్రానికి కర్తగా ఆ చట్టం గుర్తించింది నిర్మాతను, అంటే చిత్రం తీయడానికి చొరవా బాధ్యతా తీసుకున్న వ్యక్తిని. కథ ఎవరిదైనా, గొంతు ఎవరిదైనా, చిత్రం విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లపాటు దాని మీద హక్కు ఆ వ్యక్తిదే. 1994 సవరణ ప్రదర్శకులకూ హక్కులు ఇచ్చి, పాములాడించేవారిని సైతం ఆ నిర్వచనంలో చేర్చింది. కానీ ఒకసారి చిత్రంలో కనిపించడానికి ఒప్పుకున్నాక ఆ హక్కులు వర్తించవని కూడా అదే చెప్పింది. 2012లో దీన్ని కొంత సరిదిద్ది, లిఖిత ఒప్పందం ఉండాలనీ, వాణిజ్యపరంగా వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలనీ చేర్చారు. అక్కడే ఒక మెలిక కూడా పెట్టారు: యథాలాపంగా కనిపించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిళ్లలో పేరు పడనివారికి, తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకొనే నైతిక హక్కు తప్ప ప్రదర్శకులుగా మరే హక్కూ లేదు. గూడెం మనుషుల పేర్లు వేయకుండా ‘స్థానికులు’ అని సరిపెట్టే అలవాటు వారికి ఎంత నష్టం చేయగలదో ఇక్కడ తెలుస్తుంది.

చెంచుల మీద తీసే చిత్రాల్లో తేనె తీసే దృశ్యం లేనిది అరుదు. కొండచరియ అంచు నుంచి ఒక మనిషి తాడు పట్టుకొని పట్టు దాకా దిగుతాడు. పైన ఆ తాడును పట్టుకొనేది అతని బావమరిది అయి ఉండాలన్నది చెంచుల కట్టుబాటుగా చెబుతారు. తోబుట్టువు పసుపుకుంకుమలు కోరే చేయి తాడు వదలదని నమ్మకం. కెమెరా మాత్రం కింద వేలాడే మనిషి మీదా, పొగకు లేచే ఈగల మీదా ఉంటుంది గాని, పైనున్న మనిషిని చూపదు. అతను అక్కడ ఎందుకు ఉన్నాడో చెప్పగలిగేది గూడెమే. ఆ తెలివి గూడెం ఉమ్మడి సొత్తు కనుక, ఏ ఒక్కరి వేలిముద్రతోనూ చేతులు మారకూడదు.

సరిగ్గా ఈ ఉమ్మడి సొత్తునే 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లోని ‘కె’ క్లాజు గుర్తించింది. జీవవైవిధ్యంతో, సాంస్కృతిక వైవిధ్యంతో ముడిపడిన మేధో సంపత్తి మీదా, సంప్రదాయ విజ్ఞానం మీదా సమూహానికి హక్కు ఉందని అది స్పష్టంగా చెబుతుంది. అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. పట్టాల గురించీ ఎకరాల గురించీ సాగిన చర్చలో ఆ క్లాజు మరుగున పడింది. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి ఇచ్చేది ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు. అందువల్ల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోని గూడేనికి వచ్చే బృందాన్ని చట్టం అడిగేది అటవీ శాఖ కాగితమే గాని గ్రామసభ తీర్మానం కాదు.

ఖర్చు మాది, పరికరాలు మావి, అనుమతులు తెచ్చుకున్నదీ మేమేనని నిర్మాతలు అంటారు. 1957 చట్టం వరకూ వారి మాట నిజమే.

అయితే అదే చట్టం, కెమెరా చేతులు మారితే, సమూహం పక్షాన నిలుస్తుంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు వీడియో నేర్చుకొని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడి, బీటీ పత్తితో నష్టపోయిన వరంగల్ రైతుల మీద తామే చిత్రం తీశారు. ఎదుటి మనిషి కళ్లలో కళ్లు కలిసే ఎత్తున కెమెరా పట్టడాన్ని వారు ‘సంఘం షాట్’ అన్నారు. కెనడాలోని ఇగ్లూలిక్‌లో అక్కడి ఆదివాసులైన ఇనూయిట్లు 1990లోనే ఇసుమా అనే సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నారు. ఈ రెండు చోట్లా నిర్మాత స్థానంలో ఉన్నది సమూహానికి చెందిన మనుషులే.

నల్లమలలో కెమెరా గూడెం చేతికి రావడానికి సమయం పట్టవచ్చు. ఈలోగా ‘కె’ క్లాజును ఆధారం చేసుకొని గ్రామసభ తన షరతులను తీర్మానంగా రాసుకోవచ్చు: ముడి ఫుటేజీ ప్రతి ఒకటి గూడేనికి ఇవ్వాలి, మందుమొక్కలు దొరికే చోట్లు చూపకూడదు, చిత్రాన్ని ముందు గూడెంలోనే ఆడించాలి, తేనె తీసినవాడి పేరుతో పాటు తాడు పట్టుకున్న బావమరిది పేరూ వేయాలి.