గాలి మొక్కకు నోరు ఆకే

మట్టి లేకుండా బతికే టిల్లాండ్‌సియాను గాలి మొక్క అంటారు. ఆ పేరు నమ్మి నీళ్ళు పెట్టడం మానేయడం వల్లే చాలా మొక్కలు ఎండిపోతున్నాయి. గాలి దానికి ఆహారం కాదు.

అనాస కుటుంబానికి చెందిన ఈ ప్రజాతిలో 600కు పైగా జాతులున్నాయి. అమెరికా ఖండాల్లో ఇవి చెట్ల కొమ్మల మీద, బండల మీద, కొన్నయితే కరెంటు తీగల మీద కూడా పెరుగుతాయి. వేర్లు పట్టు కోసమే. తాగేదీ తినేదీ ఆకులే. ఆకుల మీద బూడిదరంగు నూగులా కనిపించేవి ట్రైకోమ్‌లు అనే సన్నటి పొలుసులు. తడి తగలగానే అవి పరుచుకుని నీటిని లోపలికి పీలుస్తాయి. ఆరాక అంచులు పైకి లేచి ఎండను తిప్పికొడతాయి, లోపలి తడిని కాపాడతాయి. ఎంత అందమైన ఏర్పాటో! అందుకే నూగు దట్టంగా ఉన్న తెల్లటి జాతులు ఎద్దడికి ఓర్చుకుంటాయి, నున్నటి పచ్చ ఆకులవి త్వరగా వాడిపోతాయి.

వారానికోసారి వాననీటిలో 20 నుంచి 30 నిమిషాలు ముంచి ఉంచండి. గాలి పొడిగా, వేడిగా ఉంటే రెండుసార్లు. తీశాక తలకిందులుగా పట్టుకుని బాగా విదిలించి, గాలి ఆడేచోట అలాగే ఆరబెట్టండి. 4 గంటల్లో ఆరిపోవాలి. ఆకుల సందుల్లో నీరు నిలిస్తే మొదలు నల్లబడుతుంది, లాగితే నడిమి ఆకులు ఊడి చేతికొస్తాయి. అంతవరకు వస్తే మొక్క దక్కదు. బల్బోసా అనే జాతికి మొదలు లోపల బోలుగా ఉంటుంది కాబట్టి దాన్ని ముంచకూడదు. ఒళ్ళంతా నూగున్న టెక్టోరం అనే జాతికి పిచికారీ చాలు.

ఈ పని ఉదయమే చేయాలి. ఇవి పత్రరంధ్రాలను రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. రాత్రి ఆకు తడిగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

అడవిలో వీటికి దొరికే తిండి దుమ్ము, పక్షి రెట్టలు, కుళ్ళిన ఆకుల సారం, అదీ వానలో బాగా పలచబడి. మనం పెట్టేదీ అంత పలచగానే ఉండాలి. ఆర్కిడ్ ఎరువు లీటరుకు 2 గ్రాములు అని డబ్బా మీద ఉంటే అర గ్రామే కలపండి. నెలకోసారి, ముంచే నీటిలోనే. మోతాదు మించితే ఆకుల కొసలు మాడతాయి. రాగి వీటికి విషం: రాగి ఉన్న ఎరువు వాడొద్దు, రాగి తీగతో కట్టొద్దు. ఉప్పు వాడి కాఠిన్యం తగ్గించే యంత్రం (సాఫ్ట్‌నర్) నుంచి వచ్చే నీరూ పనికిరాదు. కఠినజలంలోని సున్నం పొలుసుల మీద తెల్లగా పేరుకుని దారి మూసేస్తుంది.

ఒక మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది. ఆ తర్వాత పక్కన పిలకలేస్తుంది. అవి తల్లిలో సగం పెరిగాక విడదీయొచ్చు. విడదీయకపోతే గుత్తిగా అల్లుకుంటాయి, కానీ గుత్తి నడుమ తడి ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. దాన్ని ఇంకాస్త గట్టిగా విదిలించాలి.