ఏటివాలున వెళ్లే విమానం

అమెరికాలో పిల్లలున్న ఒక పాఠకురాలు అడిగారు: "వెళ్లేటప్పుడు ఒక టైము, వచ్చేటప్పుడు ఒక టైము. దూరం ఒకటే కదండీ, మరి ఈ గంటల తేడా ఎందుకు?"

భూమి తిరుగుతుంది కాబట్టి అని చాలామంది చెప్పేస్తారు. క్లాసుల్లో కూడా విన్నాను, బాధేసింది. భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. విమానం ఉండేది ఆ గాలిలోనే.

ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి గ్లోబు మీద దారం లాగి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. ఎయిర్ ఇండియా మొదట పడమరకు, అట్లాంటిక్ మీదుగా, 13,900 కిలోమీటర్ల దారిలో వెళ్లేది. 2016 అక్టోబరులో తూర్పుకు, పసిఫిక్ మీదుగా మళ్లింది. ఆ దారి 15,300 కిలోమీటర్లు. దూరం 1,400 పెరిగింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది!

గోదావరిలో పడవని తలుచుకోండి. సరంగు వేసే తెడ్డు అదే, బలం అదే. ఏటివాలున ఒడ్డు చకచకా వెనక్కి పోతుంది, ఎదురీదితే కదలనే కదలదు. పడవకి నీటిలో ఒక వేగం, ఒడ్డుతో పోలిస్తే ఇంకో వేగం. విమానానికీ అంతే. ఆ పసిఫిక్ ప్రయాణంలో దాని వేగం నేలతో పోలిస్తే సగటున గంటకు 1,055 కిలోమీటర్లు. విమానాలు ఎగిరే ఎత్తున, మైనస్ 56 డిగ్రీల చలిలో శబ్దవేగం సుమారు 1,060. అయినా విమానం శబ్దవేగాన్ని అందుకోబోయిందని కాదు. చుట్టూ ఉన్న గాలిలో దాని వేగం 900 లోపే. మిగతాదంతా పడమర నుంచి తూర్పుకు పారే పైగాలి ప్రవాహం మోసింది.

పోతూ లాభపడితే వస్తూ నష్టపోతాం, లెక్క సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. 9,000 కిలోమీటర్ల దారి, 900 వేగం, 100 గాలి అనుకోండి. వాలున 9 గంటలు, ఎదురుగా పదకొండుంబావు. గాలే లేకపోతే రానూపోనూ 20 గంటలు, ఉంటే ఇరవైంబావు. ఎదురీతలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే పెద్దది. దీనికి విరుగుడు ఒక్కటే, ఎదురీదకపోవడం. 2017లో అందరూ మహిళలే ఉన్న ఎయిర్ ఇండియా సిబ్బంది పసిఫిక్ మీదుగా వెళ్లి, అట్లాంటిక్ మీదుగా తిరిగొచ్చారు. రెండుసార్లూ తూర్పుకే! వారశూల చూసుకునేవాళ్లకి ఇక అమెరికా ఏ దిక్కు?

ఈ పైగాలి ఏరు పేరు జెట్ స్ట్రీమ్. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది, 30 డిగ్రీల అక్షాంశం దగ్గర 1,450 వేగంతోనే. వేడెక్కి పైకి లేచి ఉత్తరానికి జరిగిన గాలి తన పాత వేగాన్ని వెంట తెస్తుంది. పైగా భూమి ఇరుసుకు దగ్గరయ్యే కొద్దీ ఆ వేగం ఇంకా పెరుగుతుంది. అలా కింది నేలని దాటి తూర్పుకు పరిగెడుతుంది.

దీన్ని జపాన్‌లో బెలూన్లు ఎగరేసి మొదట కొలిచినవాడు వాసబురో ఓయిషి. ప్రపంచమంతా చదవాలని 1926లో నివేదికని ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాషలో రాశాడు. ఆ భాష వచ్చినవాళ్లే తక్కువ, ఎవరూ పట్టించుకోలేదు. 1944లో జపాన్ మీదికి అంత ఎత్తున వచ్చిన అమెరికా బి-29 బాంబర్లు ఆ గాలి దెబ్బకే గురి తప్పాయి.