థర్మోస్టాట్ హౌసింగ్ లీకు: ప్యాకింగ్ మార్చినా ఎందుకు ఆగదు? అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద తిరిగే పికప్ వ్యాన్లు, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల కోసం గట్టు మీద పెట్టుకున్న డీజిల్ జనరేటర్లు, కోతల్లో ట్రాక్టర్లు. షెడ్డుకి ఏది వచ్చినా ఈ మాట మాత్రం తరచూ వింటుంటాను: "మొన్నే ప్యాకింగ్ మార్పించామండీ, మళ్ళీ కారుతోంది." ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆపే కవాటం థర్మోస్టాట్. మామూలుగా రేడియేటర్ పై పైపు ఇంజన్‌కి తగిలే చోట, దాని మీద ఉండే మూతే థర్మోస్టాట్ హౌసింగ్. చాలా ఇంజన్లలో అల్యూమినియంది ఉంటుంది, కొన్నిట్లో ప్లాస్టిక్‌ది. అక్కడ కొత్త ప్యాకింగ్ వేశాక కూడా కారుతోందంటే, తప్పు దాదాపు ఎప్పుడూ వేరే చోటే ఉంటుంది.

అపోహ: ఈ ప్యాకింగ్ నాసిరకం, ఇంకో కంపెనీది వేస్తే ఆగుతుంది.

పాత ప్యాకింగ్ గీకేశాక హౌసింగ్ ముఖాన్ని శుభ్రంగా తుడిచి, లైటు వేసి చూడండి. నీళ్ళ దారి అంచు చుట్టూ సన్నటి గుంటలు, తెల్లటి పొడి కనిపిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేసిందని అర్థం. ఆ గుంటలు ఒకదానికొకటి కలిసి బయటి అంచు దాకా వచ్చాయంటే, ఎంత ఖరీదైన ప్యాకింగ్ అయినా దాని కింద నుంచే నీళ్ళు దారి చేసుకుంటాయి. ఇక ఉక్కు స్కేలుని ముఖం మీద అంచున నిలబెట్టి వెనక నుంచి టార్చి కొట్టండి. వెలుతురు చొరబడితే ముఖం వంగింది.

గుంటలు పైపైనే ఉంటే మందపాటి అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి, ఎనిమిది అంకె వేసినట్టు నిదానంగా రుద్దితే చదును అవుతుంది. లోతుగా ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ (ముఖం చదును) చేయించాలి, లేదా హౌసింగే మార్చాలి. ప్లాస్టిక్‌ది వంగినా పగిలినా మార్చడమే. హౌసింగ్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఇంజన్ వైపు ముఖం కూడా చూడాలి. చాలామంది వదిలేసేది దాన్నే.

అపోహ: మనకి చలే లేదు, కూలెంట్ ఎందుకు? బోరు నీళ్ళు చాలు.

మన డెల్టాలో ఈ లీకులకి అసలు మూలం ఇదే అని నా గట్టి నమ్మకం. నీళ్ళు గడ్డకట్టకుండా కాపాడటం, రేడియేటర్‌లో పోసే కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. మనకి కావాల్సింది అందులోని తుప్పు నిరోధకాలు. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు బోర్లలో చాలా చోట్ల ఉప్పు నీరే. అల్యూమినియం పైన సహజంగా ఏర్పడే రక్షణ పొరని ఉప్పులోని క్లోరైడ్ ఛేదిస్తుంది, గుంటలు అక్కడే మొదలవుతాయి. కాలవ నీళ్ళతో ఒండ్రు కూడా లోపలికి పోతుంది. గాఢమైన కూలెంట్ కొంటే సగానికి సగం బ్యాటరీ వాటర్ కలపండి. కలిపి అమ్మేదైతే అలాగే పోయండి. రంగు చూసి మాత్రం కొనొద్దు. ఏ రంగు ఏ రకానిదో అన్ని కంపెనీలకీ ఒకే నియమం లేదు. బండి పుస్తకంలో రాసిన రకమే వాడాలి.

అపోహ: కారుతోందంటే ఇంకాస్త బిగిస్తే సరి.

ఎక్కువ ఇంజన్లలో ఇక్కడ ఉండేవి 10 నంబర్ పానా పట్టే 6 ఎంఎం బోల్టులు. వాటికి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పొడుగు పానా వేసి బలంకొద్దీ తిప్పితే హౌసింగ్ చెవులు కిందికి వంగి, రెండు బోల్టుల మధ్య అప్పడంలా పైకి లేస్తుంది. బిగించేకొద్దీ లీకు పెరుగుతుంది. చివరికి అల్యూమినియంలో మర కూడా పోతుంది.

బోల్టు రంధ్రాల్ని కూడా చూడండి. అడుగున మట్టి ఉంటే బోల్టు దానికి తగిలి ఆగిపోతుంది, మనకి బిగిసినట్టే అనిపిస్తుంది. కొన్ని ఇంజన్లలో రంధ్రం నేరుగా నీళ్ళ గదిలోకి తెరుచుకుంటుంది. అప్పుడు నీళ్ళు ప్యాకింగ్‌ని వదిలేసి మర వెంట పైకెక్కి బోల్టు తల కింద ఊరుతాయి. మరకి సీలెంట్ రాస్తేనే ఆగుతుంది.

అపోహ: సిలికాన్ పేస్టు ఎంత దట్టిస్తే అంత మంచిది.

రబ్బరు రింగు ఉన్న చోట పేస్టు వద్దు, రింగు జారి పక్కకి పోతుంది. పేస్టు వాడమన్న చోట సన్నటి గీత చాలు. ఎక్కువైనది లోపలికి ఉబ్బి, ముక్కలై రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది. పేస్టు పెట్టిన పది నిమిషాలకే నీళ్ళు పోసి స్టార్ట్ చేస్తే చేసిన పనంతా వృథా. పూర్తిగా గట్టిపడటానికి మామూలుగా 24 గంటలు పడుతుంది. బిగించే ముందు థర్మోస్టాట్ అంచు దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. గాలి పోయే చిన్న పిన్ను ఉంటే పైకి ఉండాలి.

అపోహ: లీకు హౌసింగ్ దగ్గరుంటే జబ్బు కూడా అక్కడే.

రేడియేటర్ మూత సుమారు 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్ళు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. మూత స్ప్రింగు పట్టేసి ఒత్తిడి వదలకపోతే, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నీళ్ళు తన్నుకొస్తాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై పైపు రాయిలా బిగుసుకుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే ప్యాకింగ్) మీద అనుమానపడండి. ఒక్కోసారి పైపు క్లిప్పు దగ్గర కారిన నీళ్ళే కిందికి దిగి హౌసింగ్‌వి అనిపిస్తాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ పెట్టి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా పంపు కొట్టి, పావుగంట వదిలి చూడండి. కొన్ని లీకులు లోహం చల్లబడి ముడుచుకున్నప్పుడే బయటపడతాయి. వేడిగా ఉండగా మూత మాత్రం తీయకండి, ఒళ్ళు కాలిపోతుంది.

అపోహ: థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది.

చల్లగా ఉంటే డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఇంజన్ త్వరగా అరుగుతుంది. నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోనే తిరిగే బైపాస్ దారిని కూడా థర్మోస్టాటే మూసే ఇంజన్లలో అయితే, అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కి సరిగ్గా పోక ఇంకా హీటెక్కుతుంది. చెరువు జనరేటర్లకి ఈ పని అసలు చేయొద్దు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంటుంది, సరిగ్గా ఆ సమయంలో ఇంజన్ ఆగితే రొయ్య బతకదు.

అపోహ: తీసేసిన పాత కూలెంట్ మురుగు నీళ్ళే కదా, బోదెలో పారబోయొచ్చు.

ఎక్కువ రకాల్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పశువులు తాగేస్తాయి. పాత్రలో పట్టి, మూత ఉన్న డబ్బాలో పోసి, పిల్లలకి అందకుండా పెట్టండి. పాత ఆయిల్‌లో కలపకుండా విడిగా ఉంచి, కూలెంట్ కూడా తీసుకునే చోటే ఇవ్వండి.