నడుము బెల్టులో ఎయిర్‌బ్యాగ్ ఎందుకు?

విమానంలో బిజినెస్ తరగతిలోనో, అడ్డుగోడకు ఎదురుగా ఉండే మొదటి వరుసలోనో కూర్చున్నవారిలో కొందరు తమ సీటు బెల్టు మామూలుకన్నా దళసరిగా ఉండటం గమనించే ఉంటారు. ఆ మందానికి కారణం లోపల మడతపెట్టి ఉంచిన ఎయిర్‌బ్యాగ్. ఖరీదైన టికెట్టుతో వచ్చే అదనపు సౌకర్యమేమో అనిపిస్తుంది కానీ, దాని అవసరం నిజానికి సీటు ముందున్న ఖాళీతో ముడిపడి ఉంది.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1988లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్తగా రూపొందించే పెద్ద విమానాల సీట్లు గురుత్వాకర్షణకు 16 రెట్ల కుదుపును తట్టుకోవాలి. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో 1,120 కిలోల బరువుతో ముందుకు తోసుకుపోతున్నట్టు లెక్క. సీటు ఊడిపోకుండా నిలిస్తే సరిపోదు, పరీక్షలో కూర్చోబెట్టిన బొమ్మ తలకు తగిలే దెబ్బ తీవ్రతను కొలిచే సూచిక 1,000 దాటకూడదు. నడుముకు మాత్రమే బెల్టు ఉన్నప్పుడు తుంటి సీటులోనే ఆగిపోతుంది, పైభాగం మడతకత్తిలా ముందుకు ముడుచుకుంటుంది. ఎకానమీ వరుసల్లో ఆ తల ముందు సీటు వీపుకు తగిలితే, అది వాలిపోయి దెబ్బ తీవ్రతను కొంత తగ్గిస్తుంది. అడ్డుగోడ అలా వాలదు. తలకు అందనంత దూరానికి సీటును జరపవచ్చు గానీ, అంగుళాల లెక్కన జాగా అమ్ముకునే విమాన సంస్థలు అందుకు సులువుగా ఒప్పుకోవు.

ఫీనిక్స్ నగరానికి చెందిన ఆమ్‌సేఫ్ సంస్థ తయారుచేసిన బెల్టు ఎయిర్‌బ్యాగులు 2001లో ప్రయాణికుల విమానాల్లోకి వచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. కారులో ఎయిర్‌బ్యాగ్ స్టీరింగ్ నుంచి మనిషి మీదికి వస్తుంది. ఇక్కడ అది ఒడిలో మొదలై మనిషికి ఎడంగా, పైకి విచ్చుకుంటుంది. దాన్ని నింపేది మందు మండించగా పుట్టిన వేడి వాయువు కాదు, సీటు కింది సిలిండర్‌లో ఒత్తిడితో నింపి ఉంచిన హీలియం. అక్కడే ఉండే సెన్సర్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది కాబట్టి, ప్రమాదంలో విమానం కరెంటు పోయినా దాని పనికి ఆటంకం రాదు. అయితే గాలి కుదుపులకూ, గట్టిగా నేలను తాకిన ల్యాండింగుకూ అది తెరుచుకోకూడదు; అందుకే సెన్సర్ ముందువైపు వేగం ఎంత తీవ్రంగా, ఎంతసేపు తగ్గిందో చూసి నిర్ణయిస్తుంది. బకిల్ పెట్టుకోకపోతే సర్క్యూట్ పూర్తి కాదు, సంచీ తెరుచుకోదు. తెరుచుకున్నది కూడా కొన్ని సెకన్లలోనే చదునైపోతుంది, ఎందుకంటే ఆ తర్వాత ప్రయాణికుడు బెల్టు విప్పుకుని తలుపు వైపు పరుగెత్తాలి.