ఆడవాళ్ళ ఉచిత బస్సుకు డబ్బు కడుతున్నది ఎవరు?

బెంగళూరు

ప్రియమైన పిల్లలకు,

"మా పన్నుల డబ్బుతో ఆడవాళ్ళను ఊరికే బస్సుల్లో తిప్పుతున్నారు" అన్న మాట అపార్టుమెంట్లలో మీ చెవిన పడే ఉంటుంది. ఆ పన్ను ఎవరెవరు కడుతున్నారో ముందు లెక్క చూద్దాం.

మీ ఇంట్లో గిన్నెలు తోమే అక్క ఫోనుకు 299 రూపాయల రీఛార్జి చేయిస్తుంది. అందులోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. 299ని 118తో భాగించి 18తో గుణించండి: 45 రూపాయల 61 పైసలు. మీ నాన్నగారు అదే రీఛార్జి చేయిస్తే ఆయన కట్టేదీ అంతే. ఆమె జీతం ఆయన జీతంలో పదో వంతే అయినా పన్నులో పైసా తగ్గదు. సబ్బు, టూత్‌పేస్టు మీద కూడా 2025 సెప్టెంబరు 22న 5 శాతానికి తగ్గించేదాకా 18 శాతమే గుంజారు. ఆమె కడుతోంది, రోజూ కడుతోంది.

కర్ణాటకలో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ఇచ్చే శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. కర్ణాటక చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇస్తారు. ఏసీ బస్సులకు, రాష్ట్రం దాటే బస్సులకు చెల్లదు. డబ్బులు పెట్టలేదు కదా అని చాలామంది ఆ టికెట్టు అడగరు. అడిగి తీసుకోవాలి, దిగేదాకా దగ్గర ఉంచుకోవాలి, బస్సు మారితే మళ్ళీ తీసుకోవాలి. ప్రభుత్వం బస్సు సంస్థకు డబ్బు చెల్లించేది ఆ ప్రయాణాల లెక్క మీదే. టికెట్టు కొట్టకపోతే ఆ ప్రయాణం లెక్కలోకే రాదు.

రాను పోను రోజుకు 50 రూపాయలు మిగిలాయనుకోండి, 26 పనిరోజులకు 1,300. పాలకో పిల్లల నోటుబుక్కులకో అవుతాయి. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది మరొకటి: ఛార్జీలకు జడిసి ఇంటి పక్క దొరికిన పనితో సర్దుకున్న మనిషి, మంచి జీతమిచ్చే చోటు దూరమైనా వెళ్ళగలదు. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును, మినహాయింపులు వదులుకునే షరతు మీద, 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం తగ్గుతుందని లెక్క చెప్పింది కూడా ప్రభుత్వమే. అది చేయొచ్చు గానీ బస్సు టికెట్టు దండగంటే నేను ఒప్పుకోను.

లోపాలు లేవని కాదు. జనం పెరిగినంతగా బస్సులు పెరగలేదు. ప్రభుత్వం బకాయి పెడితే బస్సు సంస్థ డీజిలుకు, విడిభాగాలకు తడుముకోవాలి. 2025 జనవరి 5న ఛార్జీలు 15 శాతం పెంచితే ఆ భారం కూలికి వెళ్ళే మగవాళ్ళ మీదా పడింది. వీటికి మందు బస్సులు పెంచడం, బకాయిలు నెలనెలా తీర్చడం.

మనవాళ్ళకు తగిలే చిక్కు ఇంకొకటుంది. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి వైట్‌ఫీల్డులో ఇటుకలు మోసే ఆడవాళ్ళ ఆధార్‌లో ఆంధ్రా చిరునామా ఉంటుంది. వాళ్ళు పూర్తి టికెట్టు కొనాల్సిందే. చిరునామా మార్చుకుందామంటే వాళ్ళు ఉండే షెడ్డుకు అద్దె ఒప్పందం ఎవరూ రాసివ్వరు, ఊళ్ళో రేషను, పింఛను పోతాయన్న భయం ఒకటి. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సుకూ ఆ రాష్ట్రం కార్డే కావాలి. ఏ రాష్ట్రంలో పనిచేస్తే అక్కడి భవన నిర్మాణ కార్మికుల కార్డు చూపినా చాలని నిబంధన మార్చాలి. మీ వీధిలో కట్టడం పనికి వచ్చే అమ్మలను అడగండి, నెలకు బస్సుకెంత అవుతోందో.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న